బడి జట్టులో చేరే ముందు: విద్యార్థులూ తల్లిదండ్రులూ మాట్లాడుకోవలసిన సంగతులు

జూన్‌లో బడులు తెరిచిన కొన్ని వారాలకే తిరుపతి, చిత్తూరు జిల్లాల ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయులు (పీఈటీలు) ఉదయం ప్రార్థన ముగిశాక ఒక మాట చెబుతారు: కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్ జట్లలో చేరదలచినవారు సాయంత్రం మైదానానికి వచ్చి పేర్లు ఇవ్వాలి. ఆ సాయంత్రం ఉత్సాహంగా పేరిచ్చే పిల్లల్లో చాలామందికి తాము దేనికి ఒప్పుకుంటున్నదీ పూర్తిగా తెలియదు. ఇంట్లోవాళ్లకైతే బూట్లకు డబ్బు అడిగిన రోజునో, పొరుగూరిలో పోటీకి పంపేందుకు సంతకం కావాలని కాగితం తెచ్చిన రోజునో గానీ సంగతి తెలియదు. అక్టోబరు, నవంబరు నెలల్లో పోటీలు ఊపందుకునే వేళకు ఫిర్యాదులు మొదలవుతాయి. ట్యూషన్ మానేశాడని ఒకరు, తమ పాపను బెంచీ మీదే కూర్చోబెట్టారని ఒకరు, ముందుగా చెప్పకుండా వేరే జిల్లాకు తీసుకెళ్లారని మరొకరు వస్తారు. ఇవన్నీ దాదాపుగా జూన్‌లో ఇంట్లోనూ బడిలోనూ జరగవలసిన ఒక సంభాషణ జరగనందువల్ల పుట్టినవే. ఆ సంభాషణలో ఏమేమి ఉండాలో ఇక్కడ వివరంగా చెప్పుకుందాం.

పోటీల మెట్లు

బడి జట్టు ఆడే పోటీల్లో ప్రధానమైనవి స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆధ్వర్యంలో జరిగేవి. వాటిని అందరూ ఎస్‌జీఎఫ్ పోటీలనే అంటారు. 1954లో ఏర్పడిన భారత పాఠశాలల క్రీడా సమాఖ్య అండర్-14, అండర్-17, అండర్-19 అనే మూడు వయోవర్గాల్లో జాతీయ పోటీలు నిర్వహిస్తుంది. అక్కడికి చేరాలంటే ముందు మండల స్థాయిలో ఆడి, అక్కడ రాణించినవారు జిల్లా ఎంపికలకు, ఆ తరువాత రాష్ట్ర పోటీలకు వెళ్లాలి. ఇక్కడ తల్లిదండ్రులు తరచుగా పొరబడే విషయం ఒకటుంది. మండల పోటీలో బడి జట్టు గెలిచినంత మాత్రాన ఆ జట్టు మొత్తం జిల్లా జట్టు అయిపోదు. పై మెట్టులో ఎంపిక జట్టుకు కాక ఆటగాడికి జరుగుతుంది గనుక, గెలిచిన జట్టు నుంచి ఇద్దరే ఎంపిక కావచ్చు, ఓడిన జట్టు నుంచి ముగ్గురు కావచ్చు. ఈ సంగతి ముందే తెలిసిన ఇంట్లో ఎంపిక జాబితా వచ్చిన రోజు అనవసరమైన అనుమానాలు తలెత్తవు.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడిన తరువాత, ఏ మండలం పిల్లవాడు ఎంపికల కోసం ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న మన ప్రాంతంలో ప్రతి ఏడాదీ వస్తూనే ఉంది. వాట్సాప్‌లో తిరిగే పాత సంవత్సరపు ప్రకటనను నమ్మి పిల్లలను బస్సెక్కించకుండా, ఆ ఏడాది ఆ ఆటకు సంబంధించిన ఉత్తర్వును పీఈటీ సారు దగ్గర చూసి వేదికను నిర్ధారించుకోవాలి. ఎంపికలు తిరుపతిలోని శ్రీ శ్రీనివాస క్రీడా సముదాయంలో జరిగినా, ఎస్వీ విశ్వవిద్యాలయం తారకరామ స్టేడియంలో జరిగినా, చిత్తూరులో జరిగినా, ఉదయం 9 గంటలకే పేర్ల నమోదు మొదలవుతుందని భావించి బయలుదేరడం మేలు. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఎంపికలు పడితే తిరుపతి బస్టాండు దాటడానికే ఎంత సేపు పడుతుందో మనవాళ్లకు చెప్పనక్కరలేదు. గరుడసేవ నాడు ఎంపిక ఉందంటే ముందు రోజు రాత్రికే ఊళ్లో ఉన్న బంధువుల ఇంటికి చేరడం తప్ప వేరే మార్గం లేదు.

వయసు, కాగితాలు

ఆట కంటే కాగితాలే ఎక్కువమంది పిల్లలను ఆపుతాయంటే అతిశయోక్తి కాదు. ఎస్‌జీఎఫ్ పోటీల్లో వయసును ఆ క్రీడా సంవత్సరపు డిసెంబరు 31 నాటికి లెక్కిస్తారు. 2024-25 పోటీల్లో అండర్-14కు 2011 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారే అర్హులయ్యారు. కాబట్టి జనవరిలో పుట్టిన పిల్లవాడికి తన వయోవర్గంలో దాదాపు ఏడాది వయసు ఆధిక్యం దొరికితే, డిసెంబరులో పుట్టినవాడు తనకంటే పదకొండు నెలలు పెద్దవాళ్లతో ఆడవలసి వస్తుంది. పదమూడేళ్ల వయసులో ఆ తేడా ఎత్తులోనూ బరువులోనూ స్పష్టంగా కనిపిస్తుంది గనుక, తమవాడు వెనకబడ్డాడని కంగారుపడే ముందు తల్లిదండ్రులు పుట్టిన నెలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అర్హత పత్రంలో విద్యార్థి ఫొటో, పుట్టిన తేదీ, అడ్మిషన్ నంబరు, తరగతి, పుట్టుమచ్చలు ఉంటాయి. ప్రధానోపాధ్యాయుడు ధ్రువీకరించి ముద్ర వేయాలి. ఈ పత్రంలోని తేదీ బడి అడ్మిషన్ రిజిస్టరులోనూ, ఆధార్‌లోనూ, పుట్టిన ధ్రువపత్రంలోనూ ఒకటే ఉండాలి. అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఎవరో నోటికి వచ్చిన తేదీ చెప్పి రాయించిన ఇళ్లు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ తేడా ఎంపిక రోజు ఉదయం పదిన్నరకు బల్ల దగ్గర బయటపడితే ఎవరూ ఏమీ చేయలేరు. జులైలోనే మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి తేదీ, ఇంటిపేరు, తండ్రి పేరు అక్షరం అక్షరం సరిచూసుకుంటే, సరిదిద్దుకోవడానికి ఆధార్ కేంద్రానికీ పురపాలక కార్యాలయానికీ తిరిగే వ్యవధి ఉంటుంది.

వయసు తగ్గించి చూపే ప్రలోభం గురించి కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. 'ఒక్క ఏడాదే కదా సార్, ఎవరికి తెలుస్తుంది' అనే తండ్రులు ఉంటారు, విని ఊరుకునే పెద్దలూ ఉంటారు. క్రికెట్‌లో బీసీసీఐ అండర్-16 బాలురకు చేతి ఎముకల ఎక్స్‌రేతో వయసు అంచనా వేస్తుంది. మిగతా ఆటల్లోనూ తేదీ మార్పు పట్టుబడితే వేటు పడేది పిల్లవాడి మీదే. అంతకంటే ముఖ్యంగా, తనకంటే చిన్నవాళ్లతో ఆడి గెలిచిన పిల్లవాడు పై వయోవర్గంలోకి వెళ్లగానే అసలు బలమేమిటో తేలిపోతుంది. ఆ దొంగతనంతో దక్కేది రెండేళ్ల సంబరం, ఆ తరువాత మిగిలేది ఆటలో నిలవలేని యువకుడు.

సాధన అంటే ఏమిటి

జట్టులో చోటంటే వారానికి ఐదారు రోజులు, రోజుకు గంటన్నర మైదానంలో ఉండటానికి మాట ఇవ్వడం. ఉదయం అయితే ఐదున్నర నుంచి ఏడు వరకు, సాయంత్రం అయితే బడి విడిచాక చీకటిపడే వరకు సాధన సాగుతుంది. ఏ పూట కుదురుతుందో బడిని బట్టి మారుతుంది. వేసవిలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో మాత్రం తెల్లవారుజామునే సాధన చేయడం మంచిదని నా అభిప్రాయం.

ఒక్కరు రాకపోతే ఏమవుతుందని అడిగే పిల్లలకు కబడ్డీ కోర్టు పక్కన నిలబెట్టి చూపించడం ఉత్తమం. రైడర్ కూత పెడుతూ ఎడమ వైపుకు జారినప్పుడు లెఫ్ట్ కార్నర్ కుర్రవాడు, అంటే పట్టేవారి వరుసలో ఎడమ చివర నిలబడేవాడు, చీలమండ పట్టడానికి వంగుతాడు. అతని చేయి పట్టుకున్న పక్కవాడు అదే క్షణంలో అడుగు ముందుకు వేసి రైడర్ మధ్యగీత వైపు మళ్లే దారిని మూసేయాలి. ఆ అడుగు అర సెకను ముందు పడితే రైడర్ పసిగట్టి వెనక్కి తగ్గుతాడు, అర సెకను ఆలస్యమైతే పట్టినవాడిని గీత దాకా ఈడ్చుకుపోతాడు. ఇద్దరి మధ్య ఆ కాలం కుదరడానికి వారాల తరబడి అదే చేయి పట్టుకుని అదే కదలిక చేయాలి. లెఫ్ట్ కార్నర్ వారంలో మూడు రోజులు రాకపోతే పాడయ్యేది అతని ఆటొక్కటే కాదు, అతని పక్కవాడికి కూడా ఆ మూడు రోజుల సాధన దక్కనట్టే. ఖోఖోలో కూడా పరుగుకు దిగేవారు ముగ్గురేసి చొప్పున బయలుదేరుతారు గనుక, ఒకరు కొత్తవారైతే మిగతా ఇద్దరి దారులు మార్చుకోవలసి వస్తుంది.

అందువల్ల రాలేని రోజు ముందే చెప్పడం విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి మర్యాద. జ్వరం వచ్చినా, ఇంట్లో శుభకార్యం ఉన్నా, ముందు రోజు సాయంత్రమే పీఈటీకి గానీ కెప్టెన్‌కు గానీ స్వయంగా చెప్పాలి. స్నేహితుడితో కబురు పంపడం, మరునాడు తలవంచుకుని నిలబడటం సరిపోవు. ఎనిమిదో తరగతి దాటిన పిల్లల తరఫున అమ్మ ఫోన్ చేయవలసిన అవసరం లేదు. ఆ ఫోన్ పిల్లవాడితోనే చేయించాలి.

ఎంపిక పరీక్షకు వచ్చేటప్పుడు ఉపాధ్యాయులు ఏం చూస్తారని చాలామంది అడుగుతారు. వేగం, పట్టు, ఎత్తు చూస్తారు, అది అందరికీ తెలిసిందే. తన వంతు రానప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్నవాడెవడో, బంతి దూరంగా పోతే చెప్పకుండానే పరుగెత్తి తెచ్చినవాడెవడో కూడా వాళ్ల కంట పడుతుంది. సమానమైన ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవలసినప్పుడు ఈ చిన్న విషయమే నిర్ణయిస్తుంది.

చదువు సంగతి

తల్లిదండ్రుల అసలు భయం ఇదే కాబట్టి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. మన ప్రాంతంలో ఎస్‌జీఎఫ్ పోటీలు ఎక్కువగా ఆగస్టు నుంచి డిసెంబరు మధ్య జరుగుతాయి. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు, నవంబరుల్లో మైదానాలను బురద చేసినప్పుడు వాయిదా పడిన పోటీలన్నీ అర్ధవార్షిక పరీక్షల మీదికి వచ్చి పడతాయి. పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉంటాయి గనుక పోటీల కాలానికీ పరీక్షలకూ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని నమ్ముకుని సెప్టెంబరులో పుస్తకం తెరవకపోవడమే ప్రమాదం.

దీనికి నాకు తెలిసిన ఉపాయం సాదాసీదాది. ఆటకు పోయే గంటన్నరకు బదులు చదువు ఎప్పుడు జరుగుతుందో జట్టులో పేరిచ్చే రోజే కాగితం మీద రాసుకుని, ఆ కాగితం కింద పిల్లవాడూ తల్లిదండ్రులూ సంతకం చేయాలి. ఉదయం సాధన ఉన్నవాడు రాత్రి పదింటికి పడుకోవాలంటే సాయంత్రం ట్యూషన్ ఎనిమిదికి ముగియాలి. ముగియకపోతే ట్యూషన్ సమయం మారాలి, లేదా సాధన పూట మారాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. ఆ నిద్రను కోసి ఆటకూ చదువుకూ పంచితే రెండూ నష్టపోతాయి, పైగా గాయాలూ పెరుగుతాయి. మార్కులు తగ్గితే ఆట మాన్పిస్తామన్న బెదిరింపు కంటే, ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులకు తగ్గితే ఎన్ని వారాలు సాధన తగ్గించుకోవాలో ముందే ఒప్పుకోవడం న్యాయంగా ఉంటుంది. బెదిరింపు కోపంలో మారుతుంది, ఒప్పందం అంత తేలికగా మారదు.

సీబీఎస్ఈ బడుల్లో చదివేవారు ఇంకొకటి గమనించాలి. అక్కడ 75 శాతం హాజరు తప్పనిసరి. గుర్తింపు పొందిన క్రీడా పోటీల వల్ల తగ్గిన హాజరుకు మినహాయింపు కోరవచ్చు గానీ, అందుకు పోటీ నిర్వాహకుల పత్రాలు సకాలంలో బడిలో ఇవ్వాలి. మైదానమే లేని అపార్టుమెంటు భవనంలో నడిచే బడికి పిల్లవాడిని పంపుతూ జట్టు ఎందుకు లేదని అడిగే తల్లిదండ్రులు, ఆ ప్రశ్నను ప్రవేశ రుసుము కట్టక ముందే అడగవలసింది.

ఒళ్లు చూసుకోవడం

తిండి గురించి ప్రకటనల్లో కనిపించే డబ్బాల పొడుల వైపు చూడనక్కరలేదు. మన ఇళ్లలో ఉండే రాగి సంగటి, పప్పు, గుడ్డు, వేరుశనగ పప్పుల ఉండ, అరటిపండు బడి జట్టు ఆటగాడికి చాలు. సాధనకు రెండు గంటల ముందు భోజనం ముగించాలి. తెల్లవారుజామున వెళ్లేవారు ఒక అరటిపండో, చల్లారిన గ్లాసుడు రాగి జావో తీసుకుని వెళ్లి, తిరిగి వచ్చాక కడుపునిండా తినాలి. ఎక్కువగా చెమట పట్టే రోజుల్లో ఓఆర్ఎస్ ప్యాకెట్టును సరిగ్గా దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. సగం బాటిల్లో మొత్తం ప్యాకెట్టు పోసి తాగించడం మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

కబడ్డీ ఆడే పిల్లల ఇళ్లలో మరీ జాగ్రత్తగా ఉండాలి. ప్రతి వయోవర్గానికీ బరువు పరిమితి ఉంటుంది. తూకానికి ముందు రోజు రాత్రి నుంచి పస్తులుండి, నీళ్లు మాని, రెండు చొక్కాల మీద స్వెటర్ వేసుకుని పరుగెత్తి కిలో కిలోన్నర దించుకునే పిల్లలను ప్రతి ఏడాదీ చూస్తాం. అలా దించిన బరువులో ఎక్కువభాగం ఒంట్లోని నీరే. అదే ఒంటితో మధ్యాహ్నం ఎండలో ఆడితే కళ్లు తిరిగి పడిపోవడం, కండరాలు పట్టేయడం సహజం. పరిమితికి మించి ఒక కిలో ఉన్న పిల్లవాడిని ఆ వర్గంలో ఇరికించాలని పీఈటీ కోరినా తల్లిదండ్రులు ఒప్పుకోకూడదు. ఎదిగే వయసులో ఆ బిడ్డ పై వర్గంలో ఆడటమే సరైనది.

గాయం అయిన రోజు ఏం చేయాలో కూడా ముందే ఇంట్లో అనుకోవాలి. చీలమండ బెణికితే ఆట ఆపి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డను పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. నూనె రాసి మర్దన చేయడం, లాగి సరిచేయడం మొదటి రెండు రోజుల్లో అసలు పనికిరావు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. మన వైపు ఎముక విరిగిందనగానే పుత్తూరు కట్టు గుర్తుకు వస్తుంది, తరాలుగా ఉన్న నమ్మకం అది. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే మృదువైన భాగం ఉంటుంది. అది దెబ్బతిన్నా పైకి తెలియదు, సరిగా కుదరకపోతే చేయి గానీ కాలు గానీ వంకరగా ఎదగవచ్చు. అందుచేత కట్టు సంగతి తరువాత చూసుకున్నా, ముందు తిరుపతిలోని రుయా వంటి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించి ఎముకల వైద్యుడికి చూపించడం మానకూడదు.

తలకు దెబ్బ తగిలితే వాదనకు తావు లేదు. స్పృహ పోకపోయినా, తలనొప్పి, వాంతి, మసక చూపు, అడిగిందే మళ్లీ అడగడం వంటివి కనిపిస్తే ఆ రోజుకు ఆట ముగిసినట్టే. ఫైనల్ అయినా సరే, వైద్యుడు చూసి చెప్పే వరకు మైదానంలోకి పంపకూడదు. వాంతులు ఆగకపోయినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

ఆడపిల్లల విషయంలో నెలసరి గురించి మాట్లాడటానికి ఇంకా చాలా ఇళ్లు మొహమాటపడుతున్నాయి. ఆ రోజుల్లో ఆడకూడదన్న నియమం వైద్యంలో లేదు. నొప్పి భరించగలిగితే ఆడవచ్చు, ఒంట్లో బాగాలేకపోతే మానవచ్చు, ఆ నిర్ణయం ఆ అమ్మాయిది. బడిలో మహిళా ఉపాధ్యాయురాలి దగ్గర ప్యాడ్లు ఉంటాయా, మైదానానికి దగ్గరలో నీళ్లున్న మరుగుదొడ్డి ఉందా అన్న రెండు ప్రశ్నలను తల్లి మొదటి సమావేశంలోనే అడగాలి.

మైదానం అంచున పెద్దలు

పోటీకి వచ్చిన తల్లిదండ్రులు గీత అవతల ఉండి చప్పట్లు కొట్టడం చాలు. 'కాలు పట్రా, కాలు పట్రా' అని నాన్న ఒకవైపు, 'వెనక్కి రా' అని కోచ్ ఒకవైపు అరుస్తుంటే, ఆ కుర్రవాడు రెండిటిలో ఏదీ చేయలేక ఉన్నచోటే నిలబడిపోవడం చూసినవాళ్లకు ఈ నియమం ఎందుకో వివరించనవసరం లేదు. అంపైర్ నిర్ణయం తప్పనిపించినా దాని మీద అభ్యంతరం చెప్పే హక్కు కెప్టెన్‌కూ, జట్టు మేనేజర్‌కూ మాత్రమే ఉంటుంది. బయటి నుంచి పెద్దలు దిగితే నష్టపోయేది బడి జట్టే.

ఆట ముగిసిన వెంటనే పీఈటీని పట్టుకుని నిలదీయడం కూడా సరికాదు. ఆ వేళ ఆయన పదీపన్నెండు మంది పిల్లల నీళ్లు, బస్సు, దెబ్బలు చూసుకుంటూ ఉంటారు. మరునాడో ఆ మరునాడో బడి వేళల్లో, పిల్లవాడికి చెప్పి, కలవాలి. 'మావాడిని ఎందుకు ఆడించలేదు సార్' అని మొదలుపెడితే ఆయన సంజాయిషీ ఇస్తారు. 'మావాడు ఏ విషయంలో మెరుగుపడాలి సార్' అని అడిగితే ఆయన పనికి వచ్చే జవాబు ఇస్తారు. ఇతర పిల్లలతో పోల్చడం, ఫలానావాడి కంటే మావాడేం తక్కువ అనడం ఆ సంభాషణలో రాకూడదు. ఆ ఫలానావాడు మరునాడు మీవాడి పక్కనే చేయి పట్టుకుని నిలబడవలసినవాడు.

బెంచీ గురించి విడిగా చెప్పాలి. కబడ్డీలో ఏడుగురు ఆడితే ఐదుగురు బయట ఉంటారు, వాలీబాల్‌లో ఆరుగురు ఆడితే మిగతావారు బయట ఉంటారు. అంటే జట్టులో చేరిన వారిలో దాదాపు సగం మంది ఏ క్షణంలోనైనా కూర్చునే ఉంటారు. దీన్ని అవమానంగా భావించే ఇంట్లో పిల్లలకు చెప్పవలసిన పేరు మన నేల నుంచే ఉంది. ఎర్రావారిపాళెం మండలం ఎనుమలవారిపల్లెలో పుట్టిన ఎతిమరపు రజని భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఎదిగారు. సవితా పూనియా వంటి గోల్‌కీపర్ ఉన్న జట్టులో ఏళ్ల తరబడి రెండో గోల్‌కీపర్‌గా కొనసాగుతూ సిద్ధంగా ఉండటం ఆమె పనిలో పెద్ద భాగంగా ఉండేది. బడి జట్టులో బెంచీ మీద ఉన్నవాడు ఎదుటి రైడర్ ఏ కాలితో బోనస్ గీత దాటుతున్నాడో గమనించి విరామంలో కెప్టెన్‌కు చెబితే, ఆ పూట అతను ఆడినట్టే లెక్క. అయితే సీజన్ మొత్తం మీద ఒక్కసారీ కోర్టులోకి దిగని పిల్లవాడు ఉంటే, చిన్న పోటీల్లోనైనా అవకాశం ఇమ్మని తల్లిదండ్రులు మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు. మండల స్థాయి వరకు అందరినీ ఆడించాలన్నది నా పట్టుదల కూడా.

ప్రయాణాలు, భద్రత

రాష్ట్ర పోటీలకు వేరే జిల్లాకు వెళ్లినప్పుడు పిల్లలు హోటళ్లలో ఉంటారని అనుకోకూడదు. చాలాచోట్ల ఆతిథ్య బడిలో బల్లలు పక్కకు నెట్టి, తరగతి గదిలో పరుపులో చాపలో వేసి పడుకోబెడతారు. దుప్పటి, పళ్లెం, గ్లాసు, చెంబు, సబ్బు, రెండు జతల లోదుస్తులు, దోమల మందు, ఏదైనా మందు వాడుతుంటే దాని చీటీ సంచిలో ఉండాలి. బంగారం, ఖరీదైన ఫోన్లు ఇంట్లోనే ఉంచాలి.

సమ్మతి పత్రం మీద సంతకం చేసే ముందు ఏ తేదీల్లో, ఏ ఊళ్లో, ఏ వాహనంలో, ఎవరి వెంట వెళ్తున్నారో, రాత్రి ఎక్కడ బస చేస్తారో రాసి ఉందేమో చూడాలి. ఖాళీ పత్రం మీద సంతకం చేయకూడదు. ఆడపిల్లల జట్టుతో మహిళా ఉపాధ్యాయురాలు తప్పక ఉండాలి. లేరంటే పంపకపోవడమే ఉత్తమం, ఈ విషయంలో ఎవరికీ మొహమాటపడనవసరం లేదు. శిక్షణ పేరుతో ఒంటరిగా గదికి పిలవడం, అనవసరంగా తాకడం, రాత్రిళ్లు విడిగా సందేశాలు పంపడం వంటివి ఎవరు చేసినా ఇంట్లో వెంటనే చెప్పవచ్చని పిల్లలకు, మగపిల్లలకు కూడా, ప్రయాణానికి ముందే చెప్పి పంపాలి. పిల్లల సహాయం కోసం 1098 నంబరు ఉంది, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన నేరాన్ని దాచడం కూడా నేరమే.

పై స్థాయికి వెళ్లేవారు మందుల విషయంలో అప్రమత్తంగా ఉండాలి. జాతీయ పోటీల్లో డోపింగ్ పరీక్షలు జరిగే అవకాశం ఉంది. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడి, మందుల దుకాణంలో చీటీ లేకుండా కొన్న దగ్గు సిరప్ కూడా చిక్కు తెచ్చిపెట్టవచ్చు. 18 ఏళ్లలోపు ఆటగాడి నుంచి నమూనా తీసుకునేటప్పుడు పెద్దవారు ఒకరు వెంట ఉండవచ్చన్న సంగతి పిల్లవాడికీ మేనేజర్‌కూ తెలిసి ఉండాలి.

సర్టిఫికెట్లు, ఖర్చులు

2024లో వచ్చిన రాష్ట్ర క్రీడా విధానం ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచడంతో సర్టిఫికెట్ల మీద ఆశ మరింత పెరిగింది. ఆశపడటంలో తప్పు లేదు, కానీ ఏ కాగితానికి ఎంత విలువ ఉందో తెలుసుకుని ఆశపడాలి. మండల స్థాయి పాల్గొన్న పత్రం ఇంట్లో గోడకు పనికి వస్తుంది గానీ కోటాలో అక్కరకు రాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో పాఠశాలల జాతీయ పోటీలకు ఫారం-4 అనే నమూనాలో విద్యాశాఖ అధికారి ధ్రువీకరించిన పత్రం కావాలి. డబ్బు కడితే 'జాతీయ' పోటీకి తీసుకెళ్లి పతకంతో పంపుతామని చెప్పే ప్రైవేటు టోర్నమెంట్లు ఊరూరా వెలుస్తున్నాయి. గుర్తింపు ఉన్న సమాఖ్య పేరు లేకుండా వేలల్లో రుసుము అడిగితే ఆ డబ్బుతో మంచి బూట్లు కొనడం మేలు. వచ్చిన ప్రతి సర్టిఫికెట్టులోనూ పేరు, తేదీ, వయోవర్గం సరిగా ఉన్నాయో లేదో అక్కడికక్కడే చూసి, తప్పుంటే నిర్వాహకుల చేతనే దిద్దించుకోవాలి. ఏళ్ల తరువాత దిద్దించుకోవడం జరిగే పని కాదు.

ఇంటి నుంచి అయ్యే ఖర్చు ఎక్కువగా బూట్లకే. మ్యాట్ మీద ఆడే కబడ్డీకి వేరే బూట్లు, మట్టి మీద పరుగుకు వేరే బూట్లు కావాలి. కొనలేని పరిస్థితి ఉంటే పీఈటీకి గుట్టుగా చెప్పాలి. పాత విద్యార్థుల చేత బూట్లు, జెర్సీలు ఇప్పించే బడులు మన ప్రాంతంలో ఉన్నాయి, అడగనందువల్లే చాలామంది పిల్లలు వెనక్కి తగ్గుతారు.

జట్టు మానేటప్పుడు

ఎప్పుడో ఒకప్పుడు పిల్లవాడు మానేస్తానంటాడు. పోటీల మధ్యలో అంటే ఆ సీజన్ ముగిసే దాకా ఉండమని చెప్పాలి, ఎందుకంటే అతని స్థానంలో మరొకరిని తయారుచేయడానికి వ్యవధి ఉండదు. అయితే ఎవరైనా వేధిస్తున్నందువల్లనో, గాయం వల్లనో మానాలనుకుంటే ఆ నియమం వర్తించదు, ఆ రోజే మాన్పించాలి. కారణం ఏదైనా, పీఈటీని నేరుగా కలిసి చెప్పవలసింది పిల్లవాడే. తల్లిదండ్రులు పక్కన నిలబడితే చాలు. బడి ఇచ్చిన జెర్సీని ఉతికి, మడత పెట్టి, నంబరు రాసుకున్న రిజిస్టరులో తిరిగి ఇచ్చినట్టు సంతకం చేసి రావాలి. అది చేయనందుకు టీసీ ఇచ్చే రోజు ఆఫీసు గదిలో నిలబడిన పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు.